సాయంత్రం ఏడుపు, పాల మీద అనుమానం

పొద్దున ఆరింటికి పావుగంటలో కడుపు నింపుకుని, చేతులు రెండూ వదిలేసి హాయిగా నిద్రపోయిన బిడ్డ ఇదేనా అనిపిస్తుంది, సాయంత్రం ఏడయ్యేసరికి. రొమ్ము అందుకుంటుంది, నాలుగు గుక్కలు తాగుతుంది, వదిలేస్తుంది. ఒళ్ళు విల్లులా వంచి, పిడికిళ్ళు బిగించి, గుక్కపట్టి ఏడుస్తుంది. భుజాన వేసుకుంటే నోరు తెరిచి మెడ చుట్టూ వెతుకుతుంది. ఆకలేమో అని మళ్ళీ పడితే మళ్ళీ అదే వరస. ఎనిమిదవుతుంది, తొమ్మిదవుతుంది, ఒక్కోరోజు పదకొండూ అవుతుంది.

మా పాపకి ఐదో వారం నడుస్తున్నప్పుడు నేనూ ఇలాగే కూర్చునేదాన్ని. రొమ్ము చేత్తో నొక్కి చూసుకుంటే మెత్తగా తగిలేది. తెల్లవారుజామున రాయిలా బిగుసుకున్నది సాయంత్రానికి అలా వదులైపోతే ఇంకేం అనుకుంటాం? "నా దగ్గర పాలు లేవు" అనుకున్నాను. ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. నాకు నేనే అనుకున్నాను, అనుకుని ఏడ్చాను కూడా.

తల్లులు పాలివ్వడం మధ్యలో ఆపేయడానికి చెప్పే కారణాల్లో "పాలు చాలట్లేదు" అన్నది ఎప్పుడూ ముందు వరసలోనే ఉంటుంది. ఆ అనుమానం మొలకెత్తడానికి ఇలాంటి సాయంత్రం కంటే అనువైన వేళ లేదు. అందుకే ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పాలనుకుంటున్నాను: పాలు చాలుతున్నాయో లేదో తేల్చుకోవడానికి సాయంత్రం ఏడుపు ఆధారం కాదు. పాలు చాలకపోవడం కొందరి విషయంలో నిజమే. కానీ దానికి వేరే గుర్తులున్నాయి, వాటిని చూసే పద్ధతి వేరే ఉంది. ఈ రెండిటినీ కలిపేసుకోవడం దగ్గరే చిక్కంతా వస్తుంది.

ఏడుపుకి ఒక వరస ఉంది

టి. బెర్రీ బ్రేజిల్టన్ అనే అమెరికన్ పిల్లల డాక్టర్, 80 మంది పసిపిల్లల తల్లుల చేత రోజూ ఏడుపు వేళలు రాయించి, ఆ లెక్కలు 1962లో ప్రచురించారు. రెండో వారంలో ఆ పిల్లలు రోజు మొత్తం మీద సుమారు పావు తక్కువ రెండు గంటలు ఏడ్చారు. ఆరో వారానికి అది పావు తక్కువ మూడు గంటలకి పెరిగింది. మూడో నెల వచ్చేసరికి గంటకి దిగింది. ఆ ఏడుపులో ఎక్కువ భాగం సాయంత్రాల్లోనే కుప్పపడింది. వాళ్ళు జబ్బుపడ్డ పిల్లలు కాదు, మామూలుగా ఎదుగుతున్న పిల్లలే.

తర్వాత వచ్చిన పరిశోధనల్లోనూ ఇదే ఆకారం మళ్ళీ మళ్ళీ కనిపించింది. నాకు అన్నిటికంటే కళ్ళు తెరిపించినవి రెండు. ఒకటి, సీసాతో ఫార్ములా పాలు తాగే పిల్లలు కూడా ఇలాగే సాయంత్రాలు ఏడుస్తారు. సీసాలో ఎన్ని పాలున్నాయో కంటికి కనిపిస్తూనే ఉంటుంది, అయినా ఏడుస్తారు. రెండోది, నెలలు నిండకముందే పుట్టిన పిల్లల్లో ఈ ఏడుపు తారస్థాయికి చేరేది పుట్టిన రోజు నుంచి ఆరు వారాలకి కాదు, పుట్టాల్సిన రోజు నుంచి లెక్కపెడితే ఆరు వారాలకి. అంటే ఇది తల్లి పాలని బట్టి నడిచే వ్యవహారం కాదు, బిడ్డ మెదడు ఎదిగే క్రమాన్ని బట్టి నడిచేది.

మరి సాయంత్రమే ఎందుకు? పుట్టిన మొదటి వారాల్లో బిడ్డకి పగలు, రాత్రి అనే తేడా ఒంట్లో ఉండదు. నిద్రకి సంబంధించిన మెలటోనిన్ అనే హార్మోన్ బిడ్డ శరీరంలో రాత్రిపూట పెరిగి పగలు తగ్గే పద్ధతి కుదరడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా రోజంతా చూసిన వెలుగు, విన్న చప్పుడు, మారిన చేతులు, కడుపులో కదలికలు అన్నీ పోగుపడతాయి. పెద్దవాళ్ళం అలిసిపోతే పక్క మీద వాలిపోతాం. నెల బిడ్డకి నిద్రలోకి జారడం కూడా ఇంకా సరిగ్గా రాని పనే. అలిసిపోయినకొద్దీ నిద్రపోవడం ఇంకా కష్టమవుతుంది. తనని తాను ఊరుకోబెట్టుకోవడానికి తనకి తెలిసిన ఒకే ఒక మార్గం చప్పరించడం. అందుకే రొమ్ము వెతుక్కుంటుంది. కావలసింది చప్పరింత, వస్తున్నది పాలు. కడుపు నిండుగా ఉన్నప్పుడు నోట్లోకి పాలు వస్తుంటే విసుక్కుని వదిలేస్తుంది, వదిలేస్తే ఊరట పోయిందని ఏడుస్తుంది. బయట నుంచి చూస్తే ఇదంతా అచ్చం ఆకలిలాగే ఉంటుంది.

మెత్తబడిన రొమ్ములో జరిగేది

పాలు రొమ్ములో తయారయ్యే వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు. రొమ్ము నిండుగా ఉంటే తయారీ నెమ్మదిస్తుంది, బిడ్డ తాగి ఖాళీ చేసేకొద్దీ ఊపందుకుంటుంది. పైగా ఏ రొమ్ము లెక్క దానిదే. ఒకవైపే ఎక్కువగా పట్టిస్తే ఆ వైపే ఎక్కువ తయారవుతుంది. కాబట్టి తెల్లవారుజామున బిగుసుకుని సలుపుతున్న రొమ్ము నిజానికి నెమ్మదిగా పనిచేస్తోంది, సాయంత్రం మెత్తగా వేలాడేది చురుగ్గా పనిచేస్తోంది. నేను చేత్తో నొక్కి చూసుకుని వేసుకున్న లెక్క సరిగ్గా తలకిందులన్నమాట. ఇంకొకటి, అయిదారు వారాలు దాటాక పాలు బిడ్డ అవసరానికి తగ్గట్టు కుదురుకుంటాయి. అప్పుడు రొమ్ములు రోజంతా మెత్తగానే ఉండొచ్చు. మొదటి వారాల బిగువు తగ్గింది కాబట్టి పాలు తగ్గాయనుకోవడం చాలామందికి జరిగే పొరపాటు.

ఆస్ట్రేలియాలో 71 మంది తల్లీబిడ్డల మీద ఒక అధ్యయనం చేసి 2006లో వెల్లడించారు. అందరూ ఒకటి నుంచి ఆరు నెలల పిల్లలు, కేవలం తల్లిపాలు తాగేవాళ్ళు. ప్రతిసారీ పాలు పట్టకముందు, పట్టాక తూకం వేసి 24 గంటల లెక్క తీశారు. సగటున రోజుకి 788 గ్రాముల పాలు తాగారు. కానీ ఒక బిడ్డ 478 గ్రాములతో సరిపెట్టుకుంటే ఇంకో బిడ్డ 1356 గ్రాములు తాగింది. ఇద్దరూ బాగానే ఎదుగుతున్నారు. ఒక్కసారి తాగినప్పుడు రొమ్ములో ఉన్న పాలలో సగటున 67 శాతమే తాగారు, అంటే మూడో వంతు మిగిలే ఉంది. పక్కింటి బిడ్డ ఎన్నిసార్లు తాగుతోంది, ఎంతసేపు తాగుతోంది అని పోల్చుకోవడం ఎంత పనికిరాని పనో ఈ లెక్కలు చూస్తే అర్థమవుతుంది. పాలలో కొవ్వు శాతం కూడా రాత్రి, తెల్లవారుజాము కంటే పగలు, సాయంత్రం ఎక్కువగా ఉందని ఆ అధ్యయనంలోనే తేలింది. రొమ్ము ఎంత ఖాళీగా ఉంటే అప్పుడొచ్చే పాలు అంత చిక్కగా ఉంటాయి. కాబట్టి సాయంత్రం బిడ్డ కొద్దికొద్దిగా, వెంటవెంటనే తాగే పాలు పరిమాణంలో తక్కువైనా బలంలో తక్కువ కావు.

ఇలా సాయంత్రం రెండు మూడు గంటలు వెంటవెంటనే తాగడాన్ని క్లస్టర్ ఫీడింగ్ అంటారు. చాలామంది పిల్లలు దీని తర్వాతే రాత్రి అన్నిటికంటే పొడుగు నిద్ర తీస్తారు. పాలు తాగినకొద్దీ తయారీ పెరుగుతుంది కాబట్టి తల్లి శరీరానికి కూడా ఇది ఒక కబురులాంటిది.

నాలుగు గుక్కలు తాగి వదిలేయడం

సాయంత్రం పాలు ఉన్నాయి సరే, బిడ్డ ఎందుకు లాగి వదిలేస్తోంది? ఇక్కడ చేపు గురించి చెప్పుకోవాలి. బిడ్డ చప్పరించగానే పాలు వాటంతటవే జారిపోవు. చప్పరింత కబురు మెదడుకి చేరి, ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలై, అది పాల గ్రంథుల చుట్టూ ఉన్న సన్నటి కండరాలని బిగిస్తే అప్పుడు చేపు వస్తుంది. రొమ్ము నిండుగా ఉన్న పొద్దున ఇది జోరుగా వస్తుంది. సాయంత్రం మెత్తటి రొమ్ములో ధార సన్నగా, నిదానంగా ఉంటుంది. ఓపిక ఉన్న బిడ్డ ఆగుతుంది. అలిసిపోయిన బిడ్డకి ఆ ఒకటి రెండు నిమిషాలు ఆగే ఓపిక ఉండదు.

తల్లి టెన్షన్ కూడా ఇక్కడే వచ్చి చేరుతుంది. 1948లో న్యూటన్ దంపతులు అనే అమెరికన్ పరిశోధకులు ఒక ప్రయోగం గురించి రాశారు. పాలిచ్చే తల్లి పాదాలని మంచునీళ్ళలో ఉంచడం, కాలివేళ్ళు నొప్పి పుట్టేలా లాగడం, గబగబా లెక్కలు అడగడం లాంటివి చేసి, ఆ సమయంలో బిడ్డ తాగిన పాలు తూకం వేశారు. మామూలు రోజుల కంటే బాగా తగ్గాయి. అదే చికాకుల మధ్య చేపు తెప్పించే ఇంజెక్షన్ ఇస్తే పాలు దాదాపు మామూలుగానే వచ్చాయి. అంటే చికాకులో పాలు తయారవడం ఆగలేదు, బయటికి రావడమే ఆగింది. ఏడింటి నుంచి ఏడుస్తున్న బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, భుజాలు బిగబట్టుకుని కూర్చున్న తల్లి విషయంలోనూ కొంతవరకు ఇదే జరుగుతుంది. దీన్ని తల్లి తప్పుగా ఎవరైనా మాట్లాడితే నాకు బాధగా ఉంటుంది. "నువ్వు టెన్షన్ పడటం వల్లే" అన్న మాట ఆ టెన్షన్‌ని ఇంకా పెంచుతుంది. చెయ్యాల్సింది ఆమె భుజాల మీద బరువు తగ్గించడం.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కారణం కూడా ఉంది. కొంతమందికి చేపు ఉధృతంగా వస్తుంది. బిడ్డ పొలమారుతుంది, దగ్గుతుంది, గాలి మింగుతుంది, పెనుగులాడి వదిలేస్తుంది. అప్పుడు రొమ్ము నుంచి పాలు చిమ్ముతూ కనిపిస్తాయి. ఇది సాయంత్రమే కాక ఏ వేళలోనైనా, ముఖ్యంగా రొమ్ము నిండుగా ఉన్నప్పుడు జరుగుతుంది. ఇలాంటప్పుడు తల్లి వెనక్కి ఆనుకుని, బిడ్డని తన మీద బోర్లా పడుకోబెట్టుకుని పాలిస్తే వేగం తగ్గుతుంది. ధార నెమ్మదిగా ఉన్న బిడ్డకీ, జోరుగా ఉన్న బిడ్డకీ ఒకే సలహా పనికిరాదు. అందుకే బిడ్డ వదిలేసిన క్షణంలో చూడాలి: నోట్లోంచి పాలు కారుతున్నాయా, పొలమారిందా, లేక పెదాలు పొడిగా ఉండి రొమ్ముని లాగుతోందా?

సీసా ఇచ్చిన ఊరట

ఇలాంటి సాయంత్రం ఎవరో ఒకరు ఒక సీసా ఫార్ములా పాలు ఇద్దామంటారు. ఇస్తే బిడ్డ తాగుతుంది, పడుకుంటుంది. "చూశావా, ఆకలే" అనేస్తారు. కానీ ఆ వయసు బిడ్డ నోట్లో సీసా పెడితే ఆకలి లేకపోయినా చప్పరిస్తుంది, చప్పరిస్తే పాలు పడతాయి, పడితే మింగాలి. బరువుగా ఉన్న కడుపుతో నిద్రపోతుంది. ఇది ఆకలికి రుజువు కాదు.

ఆ సీసా ఒక్కరోజుతో ఆగితే ఏమీ కాదు. రోజూ అదే వేళకి అలవాటైతే మాత్రం ఆ గంటల్లో రొమ్ము ఖాళీ కాదు, ఖాళీ కాకపోతే తయారీ మెల్లగా తగ్గుతుంది. తగ్గాక సాయంత్రం పాలు నిజంగానే చాలవు. మొదట లేని కొరత మనమే తెచ్చిపెట్టుకున్నట్టు అవుతుంది. అయితే బరువు పెరగని బిడ్డకి డాక్టర్ పైపాలు ఇవ్వమంటే ఇవ్వాల్సిందే. అది ఓటమి కాదు, బిడ్డకి ముందు కడుపు నిండాలి. ఆ సమయంలో రొమ్ము పిండుతూ ఉంటే పాలు నిలబడతాయి. తల్లి బొత్తిగా అలిసిపోయి ఒక సీసా ఇచ్చి పడుకుంటే కూడా ఆమెని ఎవరూ ఏమీ అనకూడదు. ఎందుకు ఇస్తున్నామో తెలిసి ఇవ్వడం ముఖ్యం.

మరి నిజంగా చాలుతున్నాయని ఎలా తెలుస్తుంది? మొదటి వారం దాటాక రోజుకి ఆరు లేదా అంతకంటే ఎక్కువసార్లు డైపర్ బాగా తడవాలి, మూత్రం లేత రంగులో ఉండాలి. పుట్టినప్పటి బరువుని రెండు వారాలకి అటూఇటూగా తిరిగి అందుకోవాలి. ఆ తర్వాత మొదటి మూడు నెలలు రోజుకి సగటున 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. మొదటి నెలలో మోషన్ రోజుకి మూడు నాలుగుసార్లు అవుతుంది, ఆరు వారాలు దాటాక కొందరికి రోజులు గడిచినా అవదు, అది మెత్తగా ఉన్నంతవరకు కంగారు లేదు. పాలు తాగేటప్పుడు మింగుతున్న చప్పుడు వినిపించాలి. రోజులో ఎప్పుడో ఒకప్పుడు తృప్తిగా వదిలేసి నిద్రపోవాలి. ఇవన్నీ బాగుంటే సాయంత్రం ఎంత ఏడ్చినా పాలు చాలుతున్నట్టే. ఇవి బాగాలేకపోతే బిడ్డ నిశ్శబ్దంగా పడుకుంటున్నా చాలట్లేదు. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఈ రెండోదే: పాలు చాలని బిడ్డ కొన్నిసార్లు ఏడవడానికి కూడా శక్తి లేక మగతగా పడుకుంటుంది, ఇంట్లో "మా బిడ్డ ఎంత బుద్ధిమంతురాలో" అనుకుంటారు.

ఆ మూడు గంటలు గడిచేదెలా

ముందు మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టాలి. నాలుగింటి తర్వాత బిడ్డ చెయ్యి నోట్లో పెట్టుకుంటున్నా, తల అటూఇటూ తిప్పి వెతుకుతున్నా వెంటనే పట్టేయాలి. ఏడుపు ఆకలికి ఆఖరి గుర్తు. ఏడుపు అందుకున్నాక బిడ్డ నాలుక పైకి లేచిపోయి ఉంటుంది, రొమ్ము సరిగ్గా నోట పట్టలేదు. అప్పుడు బలవంతంగా తలని రొమ్ముకి అదమడం వల్ల మేలు కంటే చెరుపే ఎక్కువ, బిడ్డ రొమ్మంటేనే బెదురుతుంది. ముందు భుజాన వేసుకుని ఊరుకోబెట్టి, ఆనక పట్టాలి.

ధార సన్నగా ఉందనిపిస్తే, బిడ్డ చప్పరిస్తూ మింగడం ఆపినప్పుడు రొమ్ముని అరచేత్తో మెల్లగా నొక్కి పట్టుకోవాలి. మళ్ళీ మింగుడు వినిపిస్తుంది. అది ఆగితే వదిలి, మళ్ళీ నొక్కి, తర్వాత రెండో వైపుకి మార్చి, కావాలంటే మళ్ళీ మొదటి వైపుకి రావచ్చు. ఒకసారి పట్టాక రెండు గంటలు ఆగాలన్న నియమం ఈ వేళలో పెట్టుకోకూడదు. గదిలో లైటు తగ్గించి, టీవీ ఆపి, ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టుకుంటే చాలామంది పిల్లలు కుదుటపడతారు.

అయినా వద్దంటుంటే పాలు పక్కన పెట్టేయాలి. ఈ మాట అప్పట్లో నాకెవరైనా చెప్పుంటే బాగుండేది. పది నిమిషాల్లో ఆరుసార్లు రొమ్ము అందించి ఆరుసార్లు తిరస్కారం చూడటం కంటే, బిడ్డని ఇంకొకరి చేతికిచ్చి గుమ్మం దాటి బయటికి పంపడం ఇద్దరికీ మంచిది. పాల వాసన లేని భుజం మీద కొందరు పిల్లలు ఇట్టే ఊరుకుంటారు.

ఎత్తుకుంటే అలవాటైపోతుందన్న భయం ఈ వయసులో అక్కర్లేదు. కెనడాలో 1986లో వచ్చిన అధ్యయనంలో, ఏడ్చినా ఏడవకపోయినా రోజూ మామూలు కంటే ఎక్కువసేపు ఎత్తుకున్న పిల్లలు ఆరో వారంలో మిగతావాళ్ళ కంటే 43 శాతం తక్కువ ఏడ్చారు. సాయంత్రం నాలుగు నుంచి అర్ధరాత్రి వరకు చూస్తే ఆ తగ్గుదల 51 శాతం. అయితే అప్పటికే విపరీతంగా ఏడవడం మొదలైన పిల్లల్లో ఎత్తుకోవడం అంతగా ఫలితం చూపలేదని తర్వాత తేలింది. కాబట్టి ఏడ్చాక ఎత్తుకోవడం కంటే, పగలంతా కాస్త ఎక్కువసేపు ఎత్తుకుని తిరగడమే మేలు.

పడుకోబెట్టగానే లేచే బిడ్డల గురించి జపాన్ పరిశోధకులు 2022లో ఒక పద్ధతి చెప్పారు. ఏడుస్తున్న బిడ్డని ఎత్తుకుని ఆగకుండా ఐదు నిమిషాలు నడవాలి. నిద్రపోయాక వెంటనే దించకుండా ఎత్తుకునే కూర్చుని ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఆగాలి. అప్పుడు పడుకోబెట్టాలి. పక్క తగలడం వల్ల కాదు, మన ఒంటి నుంచి విడిపోయే ఆ క్షణంలోనే బిడ్డలు ఉలిక్కిపడుతున్నారని గుండె వేగం కొలిచి చూశారు. ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు: సోఫాలోనో వాలుకుర్చీలోనో బిడ్డని గుండెల మీద పెట్టుకుని తల్లి నిద్రలోకి జారిపోవడం చాలా ప్రమాదం. బిడ్డకి ఊపిరి ఆడకపోవచ్చు. కునుకు వస్తోందనిపించగానే బిడ్డని బిడ్డ పడుకునే పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టాలి.

గ్యాస్ మందులు, గ్రైప్ వాటర్ సంగతి తక్కువలో చెప్తాను. గ్యాస్ చుక్కల మందుని ఉత్తి చుక్కలతో పోల్చి చూస్తే తేడా కనిపించలేదు. ఏడ్చేటప్పుడు గాలి మింగడం వల్ల పొట్ట ఉబ్బుతుంది కాబట్టి చాలాసార్లు ఏడుపే గ్యాస్‌కి కారణం. మోషన్‌లో రక్తపు చారలు, ఒంటి మీద ఎగ్జిమా, వాంతులు ఉంటే ఆవుపాల ప్రొటీన్ పడకపోవడం కావచ్చు, అది డాక్టర్‌తో తేల్చుకోవాలి. అలాంటివేమీ లేకుండా తల్లి తిండిలో ఒక్కొక్కటీ మానేసుకుంటూ పోవడం ఆమెని నీరసపెట్టడమే.

రోజూ ఏడ్చే ఏడుపు కాకుండా ఒక్కసారిగా కొత్త రకం ఏడుపు వస్తే బట్టలన్నీ విప్పి చూడాలి. కాలివేలికి తల్లి వెంట్రుక చుట్టుకుని వాచిపోయిన సందర్భాలు ఉంటాయి, గజ్జల్లో హెర్నియా ఉబ్బు కనిపించవచ్చు. మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే ఎక్కువ జ్వరం, పచ్చటి వాంతి, దూరంగా చిమ్మేలా పదేపదే వాంతి, మాడు ఉబ్బడం, ఊపిరి కష్టంగా తీయడం, లేపినా మగతగా ఉండటం, పాలు పూర్తిగా మానేయడం, మోషన్‌లో రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

తల్లి ఓపిక అయిపోయే క్షణం కూడా వస్తుంది. చేతులు వణుకుతూ, బిడ్డని కుదిపెయ్యాలనిపించేంత కోపం వస్తే వెంటనే బిడ్డని ఊయలలోనో మంచం తొట్టెలోనో వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, పది నిమిషాలు బయటికి వచ్చేయాలి. ఏడ్చినా పర్వాలేదు. పది నిమిషాల ఏడుపు వల్ల బిడ్డకి ఏమీ కాదు, పసిబిడ్డని ఒక్క క్షణం గట్టిగా కుదిపితే మెదడు దెబ్బతింటుంది. ఏడుపు ఆగిన వేళల్లో కూడా మనసు తేలికపడకపోయినా, బిడ్డ నిద్రపోతున్నా నిద్ర పట్టకపోయినా, తనకి గానీ బిడ్డకి గానీ హాని చేసే ఆలోచనలు వస్తున్నా ఆ సంగతి డాక్టర్‌కి అదేరోజు చెప్పాలి. కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌కి మందు ఉంది, పాలిస్తూ వాడగలిగిన మందులూ ఉన్నాయి.

మా పాప బరువు చూసిన డాక్టర్ పాలకి ఢోకా లేదని చెప్పి, ఒక నోట్‌బుక్‌లో ఏడుపు వేళలు, పాలు పట్టిన వేళలు రాయమన్నారు. ఆరో వారం పేజీల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా గీతలే గీతలు. ఎనిమిదో వారంలో అవి ఏడున్నరకి మొదలై తొమ్మిదికి ఆగాయి. పదకొండో వారంలో ఒక పేజీలో సాయంత్రం గడి మొత్తం ఖాళీగా ఉంది. రాయడం మర్చిపోయానేమో అని చూస్తే, పాలు పట్టిన వేళలు మాత్రం వరసగా రాసే ఉన్నాయి: ఆరు, ఏడుంబావు, ఎనిమిదిన్నర.